సెల్ఫ్ స్టార్టర్ వచ్చినా చలి బాధ తీరలేదు: మోడల్ టి కార్ల చలికాలం

అమెరికా ఉత్తరాన ఉన్న మిన్నెసోటా, నార్త్ డకోటా, విస్కాన్సిన్ లాంటి రాష్ట్రాల్లో 1910ల నాటి రైతు జనవరి నెలలో పొద్దున్నే కారు తీయాలంటే ముందు వెళ్లేది కారు దగ్గరికి కాదు, పొయ్యి దగ్గరికి. పొయ్యి మీద పెద్ద కెటిల్‌లో నీళ్లు కాగుతుండేవి. రాత్రి ఇంజన్లోంచి దించి డబ్బాలో పోసిన ఆయిల్ ఆ పక్కనే వెచ్చబడుతుండేది. బయట సున్నాకు ఇరవై డిగ్రీలు కింద. కొట్టంలో కారు మీద గుర్రానికి కప్పే దుప్పటి, బానెట్ కింద రాత్రంతా వెలిగిన కిరసనాయిలు లాంతరు. ఇంత చేసినా ఇంజన్ అందుకుంటుందన్న గ్యారంటీ లేదు.

ఆ కాలం కార్ల గురించి మామూలుగా వినిపించే కథ ఒకటుంది. అప్పట్లో కారు ముందున్న హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేసేవాళ్లు, అది కష్టం, ప్రమాదం కూడా. తర్వాత ఎలక్ట్రిక్ సెల్ఫ్ స్టార్టర్ వచ్చింది, కష్టం తీరింది. ఇందులో సగమే నిజం. సెల్ఫ్ స్టార్టర్ తీర్చింది చేతి బాధను. చలి బాధ వేరు. అది పెట్రోలులో, ఆయిల్‌లో, రేడియేటర్ నీళ్లలో ఉంది. ఇంజన్ తిరగడం ఒక సంగతి, అంటుకోవడం ఇంకో సంగతి, అంటుకున్నాక నిలబడడం మూడో సంగతి. సెల్ఫ్ మొదటిదాన్ని మాత్రమే చూసుకుంది. మిగతా రెండూ దారికి రావడానికి ఇంకో పాతికేళ్లు పట్టింది, అదీ ఎక్కువగా రసాయన శాస్త్రం వల్ల.

దీన్ని అర్థం చేసుకోవడానికి ఫోర్డ్ మోడల్ టి కంటే మంచి ఉదాహరణ దొరకదు. 1908 అక్టోబరులో మొదలై 1927 మే దాకా తయారైన ఈ కారు మొత్తం కోటిన్నర దాకా రోడ్డెక్కింది. నాలుగు సిలిండర్లు, 2.9 లీటర్లు, 20 హార్స్‌పవర్. వాటర్ పంపు మొదటి రెండున్నర వేల కార్లకే ఉండేది, తర్వాత తీసేశారు. ఆయిల్ పంపు లేదు, పెట్రోలు పంపు లేదు. పల్లెటూరి మనిషి పానా, స్క్రూడ్రైవర్‌తో తనే బాగుచేసుకోగలిగిన కారు. కానీ అంత సింపుల్‌గా ఉండడం వల్లనే చలికి నేరుగా చిక్కింది. చలికీ ఇంజన్‌కీ మధ్య అడ్డుపడే ఏర్పాటు ఏదీ అందులో లేదు.

ముందు పెట్రోలు సంగతి. పెట్రోలు ద్రవంగా ఉన్నప్పుడు మండదు, దాని ఆవిరి మండుతుంది. బరువు లెక్కన సుమారు పదిహేను పాళ్ల గాలికి ఒక పాలు పెట్రోలు ఆవిరి కలిస్తే సిలిండర్లో చక్కగా అంటుకుంటుంది. అయితే పెట్రోలు ఒకే పదార్థం కాదు. తేలికైనవి, బరువైనవి రకరకాల హైడ్రోకార్బన్లు కలిసిన మిశ్రమం. ఎండాకాలంలో దాదాపు అన్నీ ఆవిరవుతాయి. గడ్డకట్టే చలిలో తేలికైన కొద్ది భాగమే ఆవిరవుతుంది. మిగతాది చల్లటి ఇనప గొట్టం గోడలకు చుక్కలు చుక్కలుగా అంటుకుని అక్కడే ఉండిపోతుంది. పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు పంపే కార్బ్యురేటర్ సరిగ్గా ఇవ్వాల్సినంత పెట్రోలే ఇచ్చినా సిలిండర్‌కు చేరే ఆవిరి మాత్రం చాలదు. అందుకే చోక్. గాలి దారి మూసేస్తే ఇంజన్ పీల్పుకు పెట్రోలు ఎక్కువగా వస్తుంది. ఎక్కువ పోస్తే అందులో ఆవిరయ్యే భాగమైనా సరిపడా వస్తుందన్నది లెక్క. మిగిలిపోయిన తడి పెట్రోలు ఎక్కడికి పోతుందన్న ప్రశ్న ఉంది. దాని సంగతి తర్వాత.

రెండోది ఆయిల్. అప్పటి మినరల్ ఆయిల్ చలికి చిక్కబడి మైనంలా తయారయ్యేది. పిస్టన్లు, బేరింగులు అందులో ఇరుక్కున్నట్టే. మామూలు రోజున తిరిగే హ్యాండిల్ చలిలో అంగుళం కదలడానికి మొరాయించేది. మోడల్ టిలో దీనికి ఇంకో తంటా తోడైంది. ఇంజన్‌కూ గేర్లకూ ఒకటే ఆయిల్. క్లచ్ అంటే పక్కపక్కనే పేర్చిన పాతిక దాకా స్టీలు బిళ్లలు, అవి కూడా ఆ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. న్యూట్రల్‌లో పెట్టినప్పుడు బిళ్లలు విడిపోవాలి. చలిలో చిక్కబడిన ఆయిల్ వాటిని జిగురులా పట్టి ఉంచేది. అంటే కారు న్యూట్రల్‌లో ఉన్నా లేనట్టే. ముందు నిలబడి హ్యాండిల్ తిప్పుతుంటే ఇంజన్‌తో పాటు చక్రాలనూ తిప్పుతున్నట్టు. పొరపాటున ఇంజన్ అందుకుందా, కారు మెల్లగా మనిషి మీదికే కదిలేది. ఎదురుగా గోడ ఉంటే మనిషి మధ్యలో నలిగినట్టే.

దీనికి జనం కనిపెట్టిన ఉపాయం చూస్తే ముచ్చటేస్తుంది. వెనక చక్రాల్లో ఒకదాన్ని జాకీ వేసి పైకి లేపేవాళ్లు. మిగతా చక్రాలకు ముందూ వెనకా గట్టిగా దుంగలు పెట్టేవాళ్లు. హ్యాండ్‌బ్రేక్ మీట ముందుకు తోసి టాప్ గేరులో వదిలేసేవాళ్లు. అప్పుడు క్లచ్ బిళ్లలు ఒకదాని మీద ఒకటి రాసుకోవు, అన్నీ కలిసి ఒకే ముక్కలా తిరుగుతాయి. డిఫరెన్షియల్ ఉంది కాబట్టి నేల మీది చక్రం కదలకుండానే గాల్లో ఉన్న చక్రం స్వేచ్ఛగా తిరుగుతుంది. ఒకసారి ఊపందుకుంటే ఆ చక్రమే అదనపు ఫ్లైవీల్‌లా, అంటే ఊపు నిలబెట్టే బరువైన చక్రంలా పనిచేసి ఇంజన్‌ను తిప్పడంలో సాయం చేస్తుంది. అడ్డం అనుకున్నదాన్నే ఆసరాగా మార్చుకున్నారు.

మూడోది స్పార్క్. మోడల్ టి ఫ్లైవీల్ మీదే 16 అయస్కాంతాలు బిగించి ఉండేవి. అవి తిరిగితే పక్కనున్న తీగ చుట్టల్లో కరెంటు పుట్టి, కొయ్య పెట్టెలోని నాలుగు కాయిల్స్‌కు చేరేది. కాయిల్స్ తుమ్మెదల్లా జుంయ్‌మంటూ స్పార్క్ ఇచ్చేవి. అయస్కాంతాలు ఎంత వేగంగా తిరిగితే అంత కరెంటు. చిక్కబడ్డ ఆయిల్‌లో హ్యాండిల్ నెమ్మదిగా తిరిగితే కరెంటు తగ్గుతుంది, స్పార్క్ నీరసపడుతుంది. అంటే ఆవిరి తక్కువై బలమైన స్పార్క్ కావాల్సిన సమయంలోనే బలహీనమైన స్పార్క్ దొరికేది. చలి ఒక్క చోట దెబ్బకొట్టి ఊరుకోదనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు. కొంతమంది స్టార్టింగ్ కోసం విడిగా డ్రై సెల్స్ పెట్టుకునేది అందుకే.

చలిలో స్టార్ట్ చేయడానికి ఫోర్డ్ కంపెనీ యజమానుల మాన్యువల్లో ఒక వరస చెప్పింది. డాష్ మీది కార్బ్యురేటర్ స్క్రూను ఎడమకు పావు చుట్టు తిప్పాలి, పెట్రోలు పాలు పెరుగుతుంది. స్విచ్ ఇంకా వేయకూడదు. స్టీరింగ్ కింద కుడివైపున్న, ఇంజన్ వేగాన్ని అదుపు చేసే థ్రాటిల్ మీట మూసి ఉంచాలి. కారు ముందుకు వచ్చి, రేడియేటర్లోంచి బయటికి పొడుచుకొచ్చిన చోక్ తీగను లాగి పట్టుకుని, హ్యాండిల్‌ను చకచకా కొన్ని చుట్లు తిప్పాలి. పెట్రోలు సిలిండర్లలోకి చేరుతుంది. తీగ వదిలేసి, మళ్లీ స్టీరింగ్ దగ్గరికి పోయి, స్పార్క్ ఎప్పుడు పడాలో మార్చే స్పార్క్ మీటను మూడో గాడి దగ్గర పెట్టి, థ్రాటిల్ కొంచెం తెరిచి, అప్పుడు స్విచ్ వేయాలి. మళ్లీ ముందుకు వచ్చి ఒకటి రెండు చుట్లు గట్టిగా లాగితే అందుకోవాలి. స్విచ్ చివర్లో వేయమనడంలో తెలివి ఉంది. అంటుకునే వేళకే సిలిండర్లలో సరిపడా పెట్రోలు ఉంటుంది కాబట్టి ఇంజన్ ఒకసారి దగ్గి ఆగిపోకుండా నడుస్తుంది. మాన్యువల్లో లేని పని కూడా ఒకటి జనం చేసేవాళ్లు. ఇన్‌టేక్ గొట్టానికి గుడ్డ చుట్టి దాని మీద కాగిన నీళ్లు పోసేవాళ్లు. గొట్టం వెచ్చబడితే గోడలకు అంటిన పెట్రోలు ఆవిరవుతుంది. పొయ్యి మీద కెటిల్ పెట్టింది ఇందుకూ, రేడియేటర్లో పోయడానికీ.

ఇందులో ప్రాణం మీదికి వచ్చేది స్పార్క్ మీటతోనే. పిస్టన్ పైకి పూర్తిగా రాకముందే స్పార్క్ పడితే మంట దాన్ని వెనక్కి తన్నుతుంది, హ్యాండిల్ ఎదురు తిరుగుతుంది. మన ఊళ్లలో చేల గట్ల మీద హ్యాండిల్ ఆయిల్ ఇంజన్లు నడిపినవాళ్లకు ఈ ఎదురు దెబ్బ ఏంటో వేరే చెప్పక్కర్లేదు. ఆ డీజిల్ ఇంజన్‌కు కనీసం మీద చిన్న మీట ఉండేది. అది ఎత్తిపెట్టి తేలిగ్గా తిప్పి, ఊపు అందాక వదిలేవాళ్లు. మోడల్ టికి అదీ లేదు. అందుకే ఎడమ చేత్తోనే పట్టుకోవాలని, బొటనవేలు కూడా మిగతా వేళ్ల వైపే ఉంచాలని, హ్యాండిల్‌ను కింది నుంచి పైకి లాగాలే గానీ పై నుంచి కిందికి తొక్కకూడదని నేర్పేవాళ్లు. అలా పడితే ఎదురు తన్నినా హ్యాండిల్ వేళ్లలోంచి జారిపోతుంది. పట్టు తప్పుగా ఉంటే మణికట్టు దగ్గర రేడియస్ ఎముక విరుగుతుంది. ఆ విరుపును ఎముకల డాక్టర్లు ఈరోజుకీ ‘షోఫర్స్ ఫ్రాక్చర్’ అనే అంటారు. అంటే డ్రైవర్ల విరుపు. హ్యాండిల్ పోయి తరాలు గడిచినా పేరు మిగిలింది.

సెల్ఫ్ స్టార్టర్ పుట్టుకకు కూడా ఇలాంటి దెబ్బే కారణమని చెబుతారు. కార్ల తయారీదారు బైరన్ కార్టర్ 1908లో చనిపోయాడు. డెట్రాయిట్‌లో వంతెన మీద ఆగిపోయిన ఒకావిడ కారుకు సాయం చేయబోతే హ్యాండిల్ తన్ని గాయపడ్డాడని, ఆ తర్వాత కోలుకోలేదని, మిత్రుడైన కాడిలాక్ అధిపతి హెన్రీ లీలాండ్ దానికి కలతపడి హ్యాండిల్ లేని కారు కావాలని పట్టుబట్టాడని ఆ కథ. కథలో ఎంత కల్పన ఉన్నా, లీలాండ్ ఆ పనిని ఒహాయోలోని డేటన్‌కు చెందిన చార్ల్స్ కెటరింగ్‌కు అప్పగించడం, 1912 మోడల్ కాడిలాక్‌లో ఎలక్ట్రిక్ స్టార్టర్ రావడం చరిత్ర. ఇంజన్‌ను తిప్పాలంటే ఇంజనంత మోటారు కావాలని చాలామంది అనుకుంటున్న రోజులవి. కెటరింగ్ అంతకుముందు క్యాష్ రిజిస్టర్‌కు చిన్న ఎలక్ట్రిక్ మోటారు బిగించిన మనిషి. రోజంతా తిరగక్కర్లేదు, కొద్ది సెకన్లు తిరిగితే చాలు అన్నప్పుడు చిన్న మోటారు చేతనే దాని శక్తికి మించిన పని చేయించవచ్చని ఆయనకు తెలుసు. సెల్ఫ్ అంతా ఆ ఒక్క ఆలోచన మీద నిలబడింది. మోడల్ టికి అది 1919లో గానీ రాలేదు.

కానీ సెల్ఫ్‌కు బ్యాటరీ కావాలి. బ్యాటరీ లోపల జరిగేది రసాయన చర్య, చలికి అదీ మందగిస్తుంది. సున్నాకు 18 డిగ్రీలు కింద లెడ్ యాసిడ్ బ్యాటరీ ఇవ్వగలిగేది మామూలు శక్తిలో ఇంచుమించు సగమే. అదే చలిలో చిక్కబడ్డ ఆయిల్ వల్ల ఇంజన్ తిప్పడానికి రెట్టింపు, అంతకు మించిన బలం కావాలి. బ్యాటరీ పూర్తిగా దిగిపోతే అందులో యాసిడ్ పలచబడి దాదాపు నీళ్లే మిగులుతాయి, గడ్డకట్టి పెట్టె పగులుతుంది. కాబట్టి మామూలు రోజుల్లో సెల్ఫ్, గడ్డు చలిలో మళ్లీ హ్యాండిల్. అందుకే సెల్ఫ్ వచ్చాక కూడా హ్యాండిల్‌ను కార్ల నుంచి చాలా ఏళ్లు తీసేయలేదు. మన దగ్గర అంబాసిడర్లలో కూడా ముందు బంపరు దగ్గర హ్యాండిల్ దూర్చే చోటు ఉండేది. ఇక్కడ కారణం చలి కాదు, దిగిపోయిన బ్యాటరీ.

ఆ ఏళ్లలోనే పెట్రోలు కూడా ఎదురు తిరిగింది. కార్లు తక్కువగా ఉన్నప్పుడు ముడి చమురులో తేలికైన పై భాగాన్నే పెట్రోలుగా అమ్మేవాళ్లు. అది చలిలోనూ కాస్త సులువుగా ఆవిరయ్యేది. అమెరికాలో 1910లో ఐదు లక్షల లోపు ఉన్న కార్లు 1920కి 80 లక్షలు దాటాయి. గిరాకీ తట్టుకోవడానికి రిఫైనరీలు బరువైన భాగాలనూ పెట్రోలులో కలపడం మొదలుపెట్టాయి. ఇండియానాలో స్టాండర్డ్ ఆయిల్ కంపెనీకి చెందిన విలియం బర్టన్ పద్ధతిలో 1913 నుంచి బరువైన నూనెలను పగలగొట్టి పెట్రోలు చేయడం వచ్చి సరఫరా పెరిగింది. అయినా బండికి దొరికే పెట్రోలు సగటున మునుపటి కంటే బరువైనదే. కొత్త కారు కొన్నాక చలిలో స్టార్టింగ్ పాత కారు కంటే కష్టంగా ఉందని ఎవరైనా అని ఉంటే, తప్పు కారుది కాకపోయి ఉండవచ్చు. కార్లు ఏటేటా బాగుపడుతూ వచ్చాయన్న సాఫీ కథలో ఇమడని మలుపు ఇది. దీన్ని పట్టించుకోకపోతే ఆ దశాబ్దంలో అంతమంది మ్యానిఫోల్డు (ఇన్‌టేక్ గొట్టం) వేడి చేసే పరికరాల వెంట ఎందుకు పడ్డారో అర్థం కాదు.

ఇంజన్ అందుకున్నాక అసలు పని మొదలవుతుంది. మాన్యువల్ చెప్పేదేమిటంటే, స్పార్క్ మీటను ఎనిమిది పది గాడులు కిందికి దించి, ఇంజన్ బాగా వేడెక్కేదాకా అలాగే నడవనివ్వాలి. చల్లటి ఇంజన్‌తో బయల్దేరితే లాగుడు ఉండదు, ఆగిపోతుంది. వేడెక్కాక డాష్ స్క్రూను పావు చుట్టు వెనక్కి తిప్పాలి. ఎగ్జాస్ట్ గొట్టం పక్కన వేడెక్కిన గాలిని కార్బ్యురేటర్‌కు పంపే చిన్న రేకు గొట్టం మోడల్ టికి ఉండేది. చలికాలంలో ఆ రేకు ముక్క విలువ దాని ధర కంటే చాలా ఎక్కువ. కానీ ఎగ్జాస్ట్ వేడెక్కితేనే అదీ పనిచేస్తుంది.

ఆ మొదటి పది నిమిషాల్లోనే ఇంజన్ ఎక్కువగా అరిగేది. మోడల్ టిలో ఆయిల్‌ను ఫ్లైవీల్ చిమ్ముతుంది. చిమ్మిన ఆయిల్ ఒక సన్నటి గొట్టంలో పడి ఇంజన్ ముందు భాగానికి చేరి, అక్కడి నుంచి వెనక్కి పారుతూ బేరింగులను తడుపుతుంది. ఆయిల్ మైనంలా ఉంటే చిమ్మేదేముంది, పారేదేముంది? ఆ సమయంలో ఇంజన్‌ను రేస్ చేస్తే ఎండు బేరింగుల మీద తిప్పినట్టే. ఇక చోక్ వల్ల వచ్చిన తడి పెట్రోలు సంగతి. అది సిలిండర్ గోడల మీది ఆయిల్ పొరను కడిగేసి, పిస్టన్ రింగుల సందుల్లోంచి కిందికి జారి ఆయిల్‌లో కలిసేది. పొద్దున్న మైనంలా ఉన్న ఆయిల్ వారం తిరిగేసరికి కిరసనాయిలులా పలచబడేది. దీనికి నీళ్లు కూడా తోడు. ఒక లీటరు పెట్రోలు మండితే రమారమి ఒక లీటరు నీళ్లు ఆవిరిగా పుడతాయి. వేడి ఇంజన్లో అది ఎగ్జాస్ట్‌తో పోతుంది. చల్లటి ఇంజన్లో కొంత ఆవిరి గోడల మీద చెమరించి ఆయిల్‌లోకి దిగుతుంది, బురదగా మారుతుంది. రోజూ రెండు మైళ్లు వెళ్లి ఇంజన్ పూర్తిగా వేడెక్కకముందే కట్టేసే కారు, వారానికోసారి యాభై మైళ్లు పోయే కారు కంటే ముందు చెడిపోయేది అందుకే.

అలాగని కొట్టం తలుపులు మూసి లోపల వేడెక్కిద్దామనుకుంటే ప్రాణాపాయం. చోక్ మీద నడిచే ఇంజన్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఇంకా ఎక్కువ. రంగూ వాసనా లేని ఆ వాయువు మూసిన చిన్న గదిలో కొద్ది నిమిషాల్లోనే మనిషిని పడేస్తుంది. చలికి భయపడి తలుపు వేసుకున్నవాళ్లు చాలామంది అలాగే పోయారు.

రేడియేటర్ కథ విడిగా చెప్పాలి, ఎందుకంటే వినగానే నమ్మబుద్ధి కాదు. మోడల్ టిలో నీళ్లను తిప్పే పంపు లేదు కదా. వేడి నీళ్లు పైకి లేస్తాయి, చల్లవి కిందికి దిగుతాయి, ఆ తేడాతోనే నీళ్లు తిరగాలి. చలిలో కారు బయల్దేరగానే ఇంకా తిరుగుడు మొదలుకాని నీళ్ల మీద ఎదురుగాలి కొడుతుంది. రేడియేటర్ అడుగు భాగం గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. పైన ఇంజన్ చుట్టూ ఉన్న నీళ్లు తిరగలేక మరిగిపోతాయి. అంటే ఒకే కారు, ఒకే సమయంలో కింద మంచు, పైన ఆవిరి. మూత తీస్తే పొగలు కక్కుతున్న రేడియేటర్‌ను చూసి ఇది గడ్డకట్టిందని ఎవరికి తడుతుంది? అట్టముక్క, తోలు కవరు, పాత దుప్పటి ఏది దొరికితే అది రేడియేటర్ ముందు కట్టుకుని ప్రయాణించింది ఇందుకే. నీళ్లు గడ్డకడితే సుమారు తొమ్మిది శాతం ఉబ్బుతాయి, ఆ ఉబ్బుకు పోత ఇనుము కూడా పగులుతుంది. ఒక్క రాత్రి నీళ్లు దించడం మరిచిపోతే పొద్దున్నకు ఇంజన్ బ్లాకే పోవచ్చు.

గడ్డకట్టకుండా నీళ్లలో కలపడానికి ఏవేవో ప్రయత్నించారు. ఉప్పు, కాల్షియం క్లోరైడ్ పనిచేసేవి గానీ లోహాన్ని తినేసేవి. గ్లిజరిన్ ఖరీదు, పైగా చిక్కన. తేనె పోసినవాళ్లు కూడా ఉన్నారు. ఎక్కువమంది వాడింది ఆల్కహాల్. కానీ అది 78 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. ఒక రోజు ఎండ కాసినా, ఎత్తు ఎక్కి ఇంజన్ వేడెక్కినా ఆల్కహాల్ ఎగిరిపోయి వట్టి నీళ్లు మిగులుతాయి. ఆ రాత్రే చలి వస్తే ఉందనుకున్న రక్షణ ఉండదు. 1927లో ప్రెస్టోన్ పేరుతో ఇథిలీన్ గ్లైకాల్ మార్కెట్లోకి వచ్చింది. అది మరిగేది 197 డిగ్రీల దగ్గర. ఒకసారి పోస్తే చలికాలమంతా నిలిచేది. చలికాలపు కారు చరిత్రలో కెటరింగ్ స్టార్టర్‌కు దక్కినంత పేరు ఈ ద్రవానికి దక్కలేదు. కానీ రోజూ రాత్రి నీళ్లు దించి పొద్దున్న కాచి పోసే చాకిరీని పోగొట్టింది ఇదే.

నీళ్లే లేకపోతే గడ్డకట్టే బాధే లేదన్న ఆలోచన కూడా అప్పుడే ఉంది. 1908లో ధ్రువ అన్వేషకుడు షాకిల్టన్ బృందం అంటార్కిటికాకు తీసుకుపోయిన ఆరోల్ జాన్‌స్టన్ కారుకు గాలితో చల్లబడే ఇంజన్ పెట్టారు. డ్రైవర్ బెర్నార్డ్ డే దాన్ని గట్టి సముద్రపు మంచు మీద నడిపాడు. మెత్తటి మంచులో దాన్ని ఆపింది ఇంజన్ కాదు, కూరుకుపోయిన చక్రాలు.

ఈ గొడవ 1920ల్లో ఒక్కసారిగా అందరిదీ అవడానికి ఇంకో కారణం ఉంది. 1919లో అమెరికాలో తయారైన కార్లలో పైకప్పూ అద్దాలూ పూర్తిగా ఉన్నవి పదిలో ఒకటి. 1927కి పదిలో ఎనిమిది దాటాయి. అంతకుముందు చాలామంది మంచు పడగానే కారును దిమ్మెల మీదికెక్కించి వసంతం దాకా మూసి పెట్టేవాళ్లు. కప్పున్న కారు వచ్చాక చలికాలంలోనూ బండి కావాల్సి వచ్చింది. దాంతో రిఫైనరీలు చలికాలానికి వేరే పెట్రోలు ఇవ్వడం, 1930ల్లో చలికి పలచగా ఉండే ఆయిల్ గ్రేడ్లు, తనంతట తానే తెరుచుకునే చోక్, ఒకటొకటిగా వచ్చాయి.

కారు తీసేముందు పది నిమిషాలు ఇంజన్ నడవనివ్వాలన్న పెద్దవాళ్ల మాట ఆ కాలానిదే. కార్బ్యురేటర్ బండికి అది అక్షరాలా నిజం. కంప్యూటర్ పెట్రోలు కొలిచి చిమ్మే ఇవాళ్టి ఇంజన్‌కు అర నిమిషం, నిమిషం చాలు, తర్వాత మెల్లగా నడిపితేనే త్వరగా వేడెక్కుతుంది.

అయితే బయటి నుంచి ఇంజన్‌ను వేడిచేయడమన్న పాత పద్ధతి మాత్రం పోలేదు. నార్త్ డకోటాలోని గ్రాండ్ ఫోర్క్స్‌లో ఆండ్రూ ఫ్రీమన్ అనే ఇంజినీరు ఇంజన్ బోల్టు స్థానంలో బిగించే ఎలక్ట్రిక్ హీటర్ తయారుచేసి 1949లో పేటెంటు పొందాడు. అమెరికాలోని మినియాపోలిస్‌కో కెనడాలోని విన్నిపెగ్‌కో కొత్తగా వెళ్లిన తెలుగువాళ్లు మొదటి చలికాలంలో పార్కింగ్‌లో కార్ల ముందు గ్రిల్లుల్లోంచి వేలాడే కరెంటు వైర్లను చూసి ఇవన్నీ ఎలక్ట్రిక్ కార్లా అని అడుగుతుంటారు. కావు, పెట్రోలు కార్లే. ఆ వైరు చివర ఉన్నది పొయ్యి మీది కెటిల్ చేసిన పనే చేస్తోంది.